కెమెరా ఎవరి కారులో ఉంది?

భిలాయ్ పవర్ హౌస్ రైల్వే స్టేషన్ నుంచి బయటికొస్తే కొద్ది దూరంలోనే జీఈ రోడ్డు. రాయపూర్ నుంచి దుర్గ్ వైపు పోయే లారీలు, బస్సులు, కార్లు ఈ దారినే పోతాయి. స్టీల్ ప్లాంటులో షిఫ్టు మారే వేళకు కాంట్రాక్టు కార్మికులు సైకిళ్ల మీద, పాత మోపెడ్ల మీద, నడిచి దాటేదీ ఈ రోడ్డునే. శ్రీకాకుళం వైపు నుంచి ప్లాంటు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మన తెలుగు కుటుంబాలకు ఈ కూడలి ఇంటి గుమ్మం లాంటిది.

ఈ మధ్య కార్ల ముందు అద్దం వెనక చిన్న కెమెరా కనిపిస్తోంది. డ్యాష్‌క్యామ్. ఎందుకు పెట్టించారని అడిగితే దాదాపు అందరూ చెప్పేది ఒకటే: రేపు ఏదైనా జరిగితే తప్పు మనది కాదని చూపించుకోవడానికి. తప్పు ఎవరిదో తేల్చడానికి అని ఎవరూ అనరు.

కెమెరా వద్దని నేననను. యాక్సిడెంట్ అయితే పెద్ద బండి వాడిదే తప్పని జనం డ్రైవరును కిందికి లాగి కొట్టడం మనం చూస్తున్నదే. లారీలు, టాక్సీలు నడిపేవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. జీతానికి నడిపే డ్రైవరుకు ఆ వీడియో నిజంగానే రక్షణ. కానీ కెమెరా అతనిది కాదు, ఓనరుది. మెమరీ కార్డు ఓనరు చేతిలో ఉంటుంది. తన బండి తప్పు కనిపించే వీడియోను తనంతట తాను పట్టుకెళ్లి స్టేషన్లో ఇచ్చే ఓనరు ఎంతమంది? పైగా కార్డు నిండగానే పాత రికార్డింగు మీద కొత్తది పడుతుంది. చెరిపేయక్కర్లేదు, కొన్నాళ్లు ఊరుకుంటే చాలు.

ఆ ఊరుకోవడం ఖరీదెంతో లెక్క వేద్దాం. గుద్దిన బండి ఏదో తెలియకపోతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 161 కింద చనిపోయిన మనిషి కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. తీవ్రంగా గాయపడితే 50 వేలు. అదే బండి దొరికి, డ్రైవరు నిర్లక్ష్యం రుజువైతే సెక్షన్ 166 కింద ట్రిబ్యునల్ వయసు, సంపాదన చూసి లెక్క కడుతుంది. నెలకు 12 వేలు తెచ్చే 35 ఏళ్ల కాంట్రాక్టు కార్మికుడు, అతని మీద ఆధారపడ్డ నలుగురు అనుకోండి. సుప్రీంకోర్టు సరళా వర్మ (2009), ప్రణయ్ సేఠి (2017) తీర్పుల పద్ధతిలో ఏడాది సంపాదన 1,44,000కి భవిష్యత్తు పెరుగుదల 40 శాతం కలిపి, సొంత ఖర్చుకు నాలుగో వంతు తీసేసి, 16తో గుణిస్తారు. 24 లక్షలు దాటుతుంది. అతను కూడా సగం తప్పు చేశాడని తేలితే 12 లక్షలకు పడిపోతుంది. వెనకొచ్చే కారు కెమెరాలో నంబరు ప్లేటు కనిపించడానికీ కనిపించకపోవడానికీ మధ్య తేడా ఆ ఇంటికి 22 లక్షలు.

వీడియో లేకపోతే కేసే లేదనుకోవడం పొరపాటు. ట్రిబ్యునల్‌లో క్రిమినల్ కేసులోలాగా సందేహానికి తావు లేకుండా రుజువు చేయక్కర్లేదు. ఏది ఎక్కువ సంభవమో చూస్తే చాలని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. ఎఫ్ఐఆర్, స్థల పటం, చూసినవాళ్ల సాక్ష్యం సరిపోతాయి. నా భయం అక్కడే. రోడ్డు పక్క టీ బండి ఆమె, రిక్షా అతను కళ్లారా చూసి చెప్పిన మాటకు ఈ దేశంలో ఎప్పుడూ విలువ తక్కువే. ఇక మీదట "వీడియో ఉందా?" అన్న ఒక్క ప్రశ్నతో ఆ కాస్త విలువా పోతుంది.

వీడియో ఉన్నా అన్నీ తేలవు. ఆదోని అమ్మాయి కందుల జాహ్నవిని 2023 జనవరి 23న సియాటెల్‌లో రోడ్డు దాటుతుండగా పోలీసు కారు గుద్ది చంపింది. గంటకు 40 కిలోమీటర్ల పరిమితి ఉన్న వీధిలో ఆ కారు 119 దాకా వెళ్లింది. కెమెరాలు ఉన్నాయి, వేగమూ తేలింది. మరో అధికారి నవ్వుతూ పదకొండు వేల డాలర్ల చెక్కు రాస్తే సరిపోతుందనీ, ఆమె విలువ పరిమితమేననీ అనడం కూడా అతని ఒంటి మీది కెమెరాలోనే రికార్డయింది. అయినా నేరం మోపడానికి ఆధారాలు చాలవని 2024 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటర్లు తేల్చారు. ఆ ఇద్దరి ఉద్యోగాలు పోవడం తర్వాతి సంగతి.

అసలు తప్పు అనేది అద్దం ముందు ఎంత కనిపిస్తుంది? బాబాసాహెబ్‌కే యాక్సిడెంట్ అయింది. 1929లో చాలీస్‌గావ్ స్టేషన్లో దిగిన ఆయన్ను ఎక్కించుకుని టాంగా తోలడానికి టాంగావాళ్లు ఒప్పుకోలేదు. ఒకరు బండి ఇస్తాను గానీ తోలనన్నాడు. అంటరాని మనిషిని తీసుకెళ్తే పరువు పోతుందట, ఆ మనిషి బారిస్టరైనా సరే. చివరికి మహర్లు తమలోనే తోలడం రాని ఒకతన్ని కూర్చోబెట్టారు. వంతెన మీద చక్రం ఇరుక్కుంది, బండి పడింది, అంబేడ్కర్ కాలు విరిగింది. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్నారు. ఆ టాంగాకు కెమెరా ఉండి ఉంటే తోలడం రాని మహర్ యువకుడు ఒక్కడే దోషిగా కనిపించేవాడు. స్టేషన్ దగ్గర నిలబడి తోలనన్న వాళ్లు ఆ ఫ్రేములో ఉండరు.

మాకు చాలీస్‌గావ్ దాకా వెళ్లాల్సిన పని లేదు. పవర్ హౌస్ నుంచి రాయపూర్ వైపు పోతే కుమ్హారీ వస్తుంది. 2022 డిసెంబరులో అక్కడ కట్టడం పూర్తికాని ఫ్లైఓవర్ మీద నుంచి బైకుతో పడి భార్యాభర్తలు చనిపోయారు. 2024 ఏప్రిల్ 9న ఫ్యాక్టరీ కార్మికుల బస్సు మొరం తవ్విన గోతిలో పడి డజను మంది పోయారు. రెండింటిలోనూ కెమెరాకు చీకటి, ముందుకు పోతున్న బండి కనిపిస్తాయి. అడ్డుకట్ట పెట్టని వాళ్లెవరు, రోడ్డు పక్కన గొయ్యి తవ్వి వదిలేసిన వాళ్లెవరు అన్నది కనిపించదు. రోడ్డు కట్టినవాళ్ల నిర్లక్ష్యానికి చట్టంలో సెక్షన్ 198ఎ ఉంది. శిక్ష లక్ష రూపాయల దాకా జరిమానా.

కాబట్టి వీడియో ఓనరు దయ మీద ఆధారపడకూడదు. యాక్సిడెంట్‌లో ఉన్న ప్రతి బండి మెమరీ కార్డునూ పోలీసులు అక్కడికక్కడే పంచనామా రాసి స్వాధీనం చేసుకోవాలి. కెమెరా ఉండి వీడియో తేని ఓనరు విషయంలో, అది అతనికి వ్యతిరేకంగా ఉండేదని ట్రిబ్యునల్ భావించవచ్చు. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 119 ఆ వీలు ఇస్తోంది. లాయర్లు గట్టిగా అడగాలి. కూడళ్లలోని ప్రభుత్వ కెమెరాల రికార్డింగు, సెక్షన్ 63 సర్టిఫికెట్‌తో సహా, బాధిత కుటుంబానికి ఉచితంగా ఇవ్వాలి. ఆ సర్టిఫికెట్ లేని కాపీని కోర్టు పక్కన పెట్టేయగలదు.

ఇవన్నీ వచ్చేలోపు బస్తీల్లోని మన సంఘాలు చేయగలిగింది ఒకటుంది. దినాలు అయ్యేదాకా ఆగొద్దు. మొదటి రెండు రోజుల్లోనే, ఆ చోట ఏ దుకాణానికి, ఏ ఏటీఎంకు, ఏ బండికి కెమెరా ఉందో తిరిగి చూసి, తేదీ, సమయం వేసి, ఆ రికార్డింగులు భద్రపరచమని స్టేషన్ హౌస్ ఆఫీసరు పేర ఒక అర్జీ రాయండి. రెండో కాపీ మీద స్టేషన్ ముద్ర వేయించుకుని ఆ ఇంటివాళ్ల చేతికివ్వండి.