ఫీజు కట్టినవాళ్లు చూడని ఫిల్మ్ సిటీ

మనలో చాలామంది రామోజీ ఫిల్మ్ సిటీని మొదటిసారి స్కూల్ ఎక్స్‌కర్షన్‌లోనే చూసి ఉంటాం. తెల్లవారుజామున బస్సు, వాంతులొస్తే ఉంటుందని జేబులో ఒక కవర్, దారంతా అంత్యాక్షరి, రాత్రికి గొంతు బొంగురు. బాగుంది. మరి ఆ ఎక్స్‌కర్షన్‌కి డబ్బులు కట్టినవాళ్లు దాన్ని ఎప్పుడైనా చూశారా? ఒకసారి మీ ఇంట్లో అడగండి. మా ఇంట్లో అడిగితే అమ్మ, "మేమెందుకురా, మీరు చూశారుగా" అంది. పిల్లలు చూస్తే వాళ్లు చూసినట్టే. ఇదీ వాళ్ల లెక్క.

కాబట్టి ఈ వారం కాలమ్ రోలర్ కోస్టర్ల గురించి కాదు. పెద్దయిపోయిన పిల్లలు అమ్మానాన్నల్ని థీమ్ పార్కుకి తీసుకెళ్లడం గురించి. మొన్న డిసెంబరులో మేం వెళ్లొచ్చాం. అక్క డల్లాస్ నుంచి వచ్చింది. వీసా స్టాంపింగ్ భయంతో మూడేళ్లు రాలేదు. తమ్ముడు బెంగళూరు నుంచి, నేను హైదరాబాద్ నుంచి. ముగ్గురం ఒకేసారి ఎర్రుపాలెంలో ఉండటమే ఒక పండగ. వరి కోతలు అయిపోయాయి, మిర్చి కోతలు ఇంకా మొదలవలేదు. నాన్న దగ్గర సాకులు లేని వారం అదొక్కటే.

ముందు ఒక లెక్క

ఇంజనీర్ని కదా, ఎక్సెల్ షీట్ తెరవకుండా ఉండలేను. పదో తరగతి అవగానే విజయవాడలో ఇంటర్ హాస్టల్‌లో వేశారు. అప్పటికి నాకు 15 ఏళ్లు. 15ని 365తో గుణిస్తే 5,475 రోజులు అమ్మానాన్నలతో ఉన్నాను. ఆ తర్వాత బీటెక్, ఉద్యోగం. కరోనా టైంలో వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని కొన్నాళ్లు బోనస్ దొరికింది. అది పక్కన పెడితే సంక్రాంతి, దసరా, ఒకట్రెండు పెళ్లిళ్లు, జమలాపురం గుడికి ఒక ట్రిప్పు... ఎంత లాగినా ఏడాదికి 15 రోజులు దాటడం లేదు.

నాన్నకి ఇప్పుడు 60. ఇంకో ఇరవై ఏళ్లు ఆరోగ్యంగా ఉంటారనే అనుకుందాం. 20 ఇంటూ 15, మొత్తం 300 రోజులు. ఏడాది కూడా లేదు! అక్క లెక్క చూస్తే ఇంకా దారుణం. ఆ సెల్‌లో నంబరు చూసి తను లాప్‌టాప్ మూసేసి, "ఎక్కడికైనా పోదాం పదండ్రా" అంది. మా ట్రిప్ ప్లానింగ్ మీటింగ్ అంతే.

వండర్‌లానా, ఫిల్మ్ సిటీనా?

తమ్ముడి ఓటు వండర్‌లాకి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాలలో 2016లో మొదలైన పార్కు. రైడ్‌లు అదిరిపోతాయి, ఒప్పుకుంటా. కానీ పెద్ద రైడ్ల దగ్గర బోర్డు ఒకసారి చదవండి. ఇంత ఎత్తు లేనివాళ్లు ఎక్కకూడదు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఎక్కకూడదు. చిన్నప్పుడు ఎత్తు చాలక మనం కింద ఉండిపోయేవాళ్లం. ఇప్పుడు బీపీ వల్ల వాళ్లు ఉండిపోతారు. మనం పైన అరుస్తుంటే వాళ్లు కింద మన చెప్పులకి, ఫోన్లకి కాపలా. అది ఫ్యామిలీ ట్రిప్ ఎలా అవుతుంది?

అసలు థీమ్ పార్కు అనే ఆలోచన పుట్టిందే ఈ ఇబ్బంది నుంచి. వాల్ట్ డిస్నీ తన కూతుళ్లని లాస్ ఏంజిలిస్‌లోని పార్కుకి తీసుకెళ్లేవాడు. పిల్లలు రంగులరాట్నం మీద తిరుగుతుంటే తను బెంచీ మీద ఒంటరిగా కూర్చుని పల్లీలు తింటూ ఉండేవాడు. పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండాలని అప్పుడు అనిపించిందని ఆయనే చెప్పుకున్నాడు. 1955 జులై 17న డిస్నీల్యాండ్ తెరిచారు. అంటే ఈ కథ మొదలైంది బెంచీ మీద కూర్చున్న నాన్న దగ్గర. మా నాన్నని మళ్లీ అదే బెంచీ మీద కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. అందుకే నా ఓటు ఫిల్మ్ సిటీకి. అక్కడ బస్సులో కూర్చుని తిరగొచ్చు, షోలు కూర్చుని చూడొచ్చు. మోకాళ్ల నొప్పులున్న అమ్మకి ఇంతకంటే ఏం కావాలి? పైగా విజయవాడ హైవే మీదే ఉంది, సిటీ ట్రాఫిక్‌లోకి దూరే పని లేదు.

కారులో దొరికేది

తెల్లారి నాలుగున్నరకి బయల్దేరాం. మధిర దాటి, కోదాడ దగ్గర 65వ నంబరు హైవే ఎక్కాం. ఇక్కడ ఒక చిట్కా. టోల్‌గేట్ల దగ్గర 24 గంటల్లోపు తిరిగొచ్చేస్తే రెండు వైపులకీ కలిపి ఒకటిన్నర రెట్లే పడుతుంది. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేవాళ్లకి కొర్లపహాడ్, పంతంగి రెండు చోట్లా కలిసొస్తుంది. ఇది చెప్పగానే నాన్న ముఖంలో వెలుగు చూడాలి! టికెట్ రేటు విన్నప్పటి నుంచి ఆయన, "దీనికి ఎన్ని కిలోల మిర్చి అమ్మాలిరా" అని మనసులో తూకాలు వేస్తూనే ఉన్నారు మరి.

నిజం చెప్పాలంటే ట్రిప్‌లో విలువైన భాగం కారే. ఇంట్లో ఉంటే టీవీ ఉంటుంది, నాన్నకి పొలం ఉంటుంది, మాకు వైఫై ఉంటుంది. కారులో ఎవరూ లేచి పక్క గదిలోకి పోలేరు. సూర్యాపేట దాటాక అమ్మ పులిహోర డబ్బా తీసింది. చెట్టు కింద ఆపుకుని తిన్నాం. మళ్లీ బండెక్కాక, ఎవరూ అడక్కుండానే నాన్న చెప్పడం మొదలుపెట్టారు. అక్కకి ఎంఎస్ సీటు వచ్చిన ఏడాది సాగర్ కాలవ కింద ఉన్న ఎకరం ఎందుకు అమ్మారో, కొన్నవాళ్లు ఎవరో, సంతకం పెట్టి వచ్చిన రోజు రాత్రి అమ్మా ఆయనా ఏం మాట్లాడుకున్నారో. ఎడ్యుకేషన్ లోన్‌తోనే అంతా అయిపోయిందని మేం ఇన్నేళ్లూ అనుకుంటున్నాం. అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అమ్మ మాత్రం, "ఇప్పుడవన్నీ ఎందుకండీ... ఒరేయ్, నువ్వు రోడ్డు చూసి పోనియ్" అంది.

వాట్సాప్ వీడియో కాల్‌లో ఈ సంగతులు రావు. అక్కడ "తిన్నారా, పడుకున్నారా, బీపీ మాత్ర వేసుకున్నారా" దగ్గరే ఆగిపోతాం.

నాన్న రివ్యూ

1996లో మొదలైన ఫిల్మ్ సిటీ 1,600 ఎకరాలకు పైనే ఉంటుంది. ప్రపంచంలోనే అతి పెద్ద ఫిల్మ్ స్టూడియో కాంప్లెక్స్‌గా గిన్నిస్ రికార్డు కూడా ఉంది. ఈ సమాచారం ఇవ్వగానే రైతు నుంచి వచ్చిన మొదటి ప్రశ్న, "ఇంత భూమిలో గింజ కూడా పండియ్యరా?" రాళ్లూ గుట్టలూ నాన్నా అని సర్దిచెప్పాను. బాహుబలి సెట్ దగ్గర స్తంభం మీద వేలితో కొట్టి చూసి, లోపల డొల్ల అని తేల్చేశారు. అమ్మ మాత్రం మాహిష్మతి ముందు రాజమాత లాగా నిలబడి ఫొటో దిగింది. తమ్ముడు తీసిన ఆ ఫొటోనే ఇప్పుడు ఆవిడ డీపీ.

రైల్వే స్టేషన్ సెట్ దగ్గరికి బస్సు వచ్చింది. ప్లాట్‌ఫాం ఉంది, బోర్డు ఉంది. సీన్‌ని బట్టి ఊరి పేరు మార్చేస్తారట. నాన్న చాలాసేపు అటే చూశారు. ఎర్రుపాలెం స్టేషన్‌లో మా ముగ్గుర్నీ ఒక్కొక్కరిగా రైలెక్కించింది ఆయనే. ట్రంకు పెట్టె లోపల పెట్టి, రైలు కదిలేదాకా నిలబడేవారు. మెల్లగా అన్నారు: "ఈ స్టేషనే నయం. ఎవరూ ఎక్కిపోరు."

మా ముగ్గురిలో ఒక్కరికీ జవాబు దొరకలేదు.

అడిగితే రారు

మీరు కూడా ప్లాన్ చేస్తుంటే నాకు అర్థమైన నాలుగు మాటలు చెబుతా. "వస్తారా?" అని అడక్కండి. "మాకెందుకు, మీరెళ్లండి" అనే జవాబు వాళ్ల దగ్గర ఎప్పుడూ రెడీ. "శనివారం పొద్దున అయిదింటికి బయల్దేరుతున్నాం" అని చెప్పేయండి. టికెట్ రేటు చెప్పక తప్పకపోతే బుక్ చేశాకే చెప్పండి. అన్నీ చూసేయాలని పరుగులు పెట్టించకండి. నాలుగు చూసినా చాలు, మధ్యలో కూర్చోనివ్వండి. కారులో ఇయర్‌ఫోన్స్ వద్దు. పాటలు కావాలంటే వాళ్లకి నచ్చినవి పెట్టండి, కథలు వాటంతటవే వస్తాయి.

థీమ్ పార్కే అక్కర్లేదు. భద్రాచలమైనా సరే, సాగర్ డ్యామైనా సరే. కారులో అందరూ పట్టాలి, వెళ్లి రావడానికి నాలుగైదు గంటలు పట్టాలి. అంతే.

నా ఎక్సెల్ షీట్‌లో 300 దగ్గర ఇప్పుడు 299 ఉంది. ఆ ఒక్కటీ తగ్గినందుకు బాధ లేదు. మిగతావి ఎలా ఖర్చుపెట్టాలో మేం ముగ్గురం మాట్లాడుకుంటున్నాం. మీరూ మీ షీట్ తెరవండి. ఈ రాత్రికే తోబుట్టువులకి ఒక మెసేజ్ పెట్టండి, డేట్ ఫిక్స్ చేయండి.