రైలు అరకులో ఆగిపోదు

పొద్దున్నే విశాఖలో కిరండూల్ రైలెక్కే మన కుర్రాళ్ల ప్రోగ్రాం అందరికీ తెలిసిందే. సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు, కిటికీలోంచి రీల్స్, అరకులో దిగి బొంగు చికెన్, మర్నాడు వెనక్కి. కానీ ఆ రైలు అరకులో ఆగిపోదండీ. అదే కొండల్లోంచి ఒడిశాలోకి వెళ్లి కోరాపుట్ చేరుతుంది. దానికి దగ్గర్లో సునాబెడ అని ఒక ఊరుంది. మన వైమానిక దళం నడిపే సుఖోయ్-30 యుద్ధ విమానాల ఇంజిన్లు తయారయ్యేది అక్కడే, హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీలో.

ఆ ఊరు మనకి మరీ పరాయిదేం కాదు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా కోరాపుట్, జయపురం ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఇప్పటికీ ఆ వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. అంత దగ్గర్లో ఉన్నా ఆ ఫ్యాక్టరీ కథ మనలో చాలామందికి తెలీదు. తెలుసుకోవాల్సిన కథ. ఎందుకంటే విమానం తయారీలో అసలు కష్టం రెక్కల్లో లేదు, ఇంజిన్‌లో ఉంది. మన దేశం ఎనభై ఏళ్లుగా రాస్తున్న పరీక్ష అదే.

ఈ కథ మొదలుపెట్టిన మనిషికి విశాఖతోనూ సంబంధం ఉంది. ఆయన వాల్‌చంద్ హీరాచంద్. 1940 డిసెంబరులో బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ పెట్టాడు. ఆర్నెల్లు తిరగకుండానే, 1941 జూన్ 21న, విశాఖలో సింధియా షిప్‌యార్డుకి బాబూ రాజేంద్రప్రసాద్ చేత శంకుస్థాపన చేయించాడు. ఆ షిప్‌యార్డే ఇప్పటి హిందుస్థాన్ షిప్‌యార్డ్. ఆ విమానాల కంపెనీయే తర్వాత హెచ్‌ఏఎల్ అయింది.

బెంగళూరు వాళ్లు విమానాలు కట్టడం బాగానే నేర్చుకున్నారు. ఫ్లయింగ్ క్లబ్బుల్లో పిల్లలకి నేర్పడానికి ఇద్దరు కూర్చునే చిన్న విమానం చేసి 1958లో ఎగరేశారు. పేరు పుష్పక్. రామాయణం నుంచి తెచ్చుకున్న పేరు, సొంతంగా కట్టుకున్న బాడీ. ఇంజిన్ మాత్రం అమెరికాలోని కాంటినెంటల్ కంపెనీది, 90 హార్స్‌పవర్.

చిన్న విమానం కాబట్టి ఫర్వాలేదు అనుకుందాం. పెద్దదాని సంగతి చూడండి. జర్మన్ డిజైనర్ కుర్ట్ టాంక్ బెంగళూరు వచ్చి, మనవాళ్లతో కలిసి మారుత్ అనే యుద్ధ విమానాన్ని గీశాడు. 1961 జూన్ 17న అది తొలిసారి ఎగిరింది. ధ్వని కన్నా రెండింతల వేగం అందుకోవాలన్నది లెక్క. దానికోసం అనుకున్న శక్తిమంతమైన బ్రిటిష్ ఇంజిన్ తయారీ మధ్యలోనే ఆగిపోయింది. డబ్బు మీరు పెట్టుకుంటే పూర్తి చేస్తామన్నారు, మనం పెట్టలేదు. ఈజిప్టు తయారు చేస్తున్న ఇంజిన్ కూడా బిగించి చూశారు, అదీ కుదర్లేదు. చివరికి బలం తక్కువైన ఆర్ఫియస్ ఇంజిన్లే పెట్టి నడిపారు. ఎంత మంచి డిజైన్ అయినా ధ్వని వేగం దగ్గరే చతికిలపడింది.

అందుకే 1962లో సోవియట్ యూనియన్‌తో మిగ్-21 ఒప్పందం కుదిరినప్పుడు, విమానాలు కొనడంతో ఆగకుండా తయారీ కూడా ఇక్కడే అన్నారు. పని మూడు చోట్లకి పంచారు. బాడీ నాసిక్‌లో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌లో, ఇంజిన్ కోరాపుట్ కొండల్లో. స్వయంగా పైలట్ అయిన అప్పటి ఒడిశా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ పట్టుబట్టి ఇంజిన్ ఫ్యాక్టరీని సునాబెడకి రప్పించాడని చెబుతారు. దానికి భూములు పోగొట్టుకున్నది అక్కడి ఆదివాసీలు. ఇంజిన్ల చరిత్రలో ఆ లెక్క కూడా రాసుకోవాలి.

సరిగ్గా అదే దశాబ్దంలో, అవే కొండల్లో ఇంకో పని జరిగింది. మనం రీల్స్ తీసుకునే కేకే లైన్ వేశారు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి వేసిన లైన్ అది. అంటే కొండ మీంచి ముడి ఖనిజం కిందికి దిగి సముద్రం దాటేది. అదే కొండ మీద ఇంజిన్ చేయడానికి మొదట్లో విడిభాగాలూ ప్రత్యేక లోహాలూ సోవియట్ నుంచి రావాల్సి వచ్చేది!

సునాబెడ వాళ్లు మాత్రం పనిని వదల్లేదు. మొదట వచ్చిన భాగాల్ని బిగించడం, తర్వాత భాగాల్ని ఇక్కడే చేయడం, ఆ తర్వాత ముడి లోహం నుంచి చేయడం, ఇలా మెట్టు మెట్టుగా ఎక్కారు. మిగ్-21కి ఆర్-11, తర్వాత ఆర్-25, మిగ్-27కి ఆర్-29, మిగ్-29కి ఆర్‌డీ-33, సుఖోయ్-30కి ఏఎల్-31ఎఫ్‌పీ. మిగ్-21లు 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో రిటైరయ్యాయి. వాటి గురించి స్టేటస్‌లు పెట్టిన వాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ విమానాల్ని ఏళ్ల తరబడి ఎగరేసిన ఇంజిన్లు అరకు అవతల కొండల్లో పుట్టినవే.

మరి అరవై ఏళ్ల నుంచి చేస్తున్నాం కదా, సొంత ఇంజిన్ ఎందుకు రాలేదు?

ఆవకాయ సంగతి గుర్తు చేసుకోండి. అమ్మమ్మ ఫోన్లో చెప్పిన కొలతలతో మీరూ జాడీ నింపగలరు. రుచి కూడా కుదురుతుంది. కానీ ఈ ఏడు కాయ పులుపు తగ్గితే ఉప్పు ఎంత మార్చాలి? అది కొలతల చీటీలో ఉండదు, అమ్మమ్మ చేతిలో ఉంటుంది. లైసెన్స్ మీద ఇంజిన్ చేయడం అలాంటిదే. ఎంత కొలత అన్నది చెబుతారు. ఎందుకంత అన్నది చెప్పరు.

ఆ ‘ఎందుకు’ ఎక్కువగా లోహంలో దాక్కుని ఉంటుంది. జెట్ ఇంజిన్ గాలిని లోపలికి లాగి, గట్టిగా అదిమి, ఇంధనంతో మండిస్తుంది. ఆ మండే వాయువు టర్బైన్ రేకుల్ని తిప్పుతూ బయటికి పోతుంది. నేటి యుద్ధ విమానాల్లో ఆ వాయువు వేడి, రేకు చేసిన లోహం కరిగే వేడి కన్నా ఎక్కువ. అయినా రేకు కరగకూడదు, సాగకూడదు, నిమిషానికి వేల చుట్లు తిరగాలి. అందుకే నికెల్ కలిపిన ప్రత్యేక లోహంతో రేకు పోసి, దాని లోపల సన్నటి దారులు పెట్టి గాలి పంపి చల్లబరుస్తారు. ఇంకో చిక్కు కూడా ఉంది. మామూలు లోహంలో చిన్న చిన్న స్ఫటికాలు గోడలో ఇటుకల్లా పేర్చి ఉంటాయి. గోడ బీటలిచ్చేది అతుకుల దగ్గరే కదా! అందుకని అసలు అతుకే లేకుండా రేకు మొత్తాన్ని ఒకే స్ఫటికంగా పెంచుతారు. ఈ విద్య తెలిసిన దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తెలిసినవాళ్లు చెప్పరు.

చెప్పకపోతే ఏమవుతుందో తేజస్ చూపించింది. ఆ విమానం కోసం మొదలుపెట్టిన కావేరీ ఇంజిన్ అనుకున్నంత బలం ఇవ్వకపోవడంతో 2008లో దాన్ని తేజస్ నుంచి తప్పించారు. అమెరికా జీఈ కంపెనీ ఎఫ్404 ఇంజిన్లే దిక్కయ్యాయి. కొత్త తేజస్‌ల కోసం 2021లో 99 ఇంజిన్లు ఆర్డరిస్తే, మొదటిది చేతికొచ్చింది 2025 మార్చిలో. ఒప్పుకున్న గడువు దాటి రెండేళ్లు. బాడీ మనదగ్గర రెడీగా ఉన్నా, ఇంజిన్ కోసం ఎదురుచూడాల్సిందే.

అలాగని చేతులు ముడుచుకుని లేం. 2024 సెప్టెంబరులో సుఖోయ్‌ల కోసం 240 ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజిన్ల ఆర్డర్ సునాబెడకే వచ్చింది. విలువ 26 వేల కోట్ల రూపాయల పైమాటే, అంటే ఇంజిన్‌కి సగటున వంద కోట్లు దాటుతుంది. ఏడాదికి 30 చొప్పున ఎనిమిదేళ్లు ఇవ్వాలి. ఆర్డర్ ముగిసే సరికి ఇంజిన్లో స్వదేశీ వాటా 63 శాతానికి చేరాలన్నది లక్ష్యం. ఇటు హైదరాబాద్‌లో మిధానీ 1973 నుంచి ప్రత్యేక లోహాల మీదే పనిచేస్తోంది. అక్కడి రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఒకే స్ఫటికం రేకులు చేసే పద్ధతి సాధించి, 2021లో హెలికాప్టర్ ఇంజిన్ కోసం 60 రేకులు హెచ్‌ఏఎల్‌కి అందించింది. అంటే అమ్మమ్మ చెప్పని సంగతి మనవాళ్లు సొంతంగా కనిపెడుతున్నారు.

ఇక్కడే మన విశాఖ పిల్లలతో ఒక మాట. ఇది ఉక్కు నగరం. భీమిలి తీరం ఇసుకలో ఇల్మనైట్ ఉంది, విమానాల్లో వాడే టైటానియానికి అది ముడిసరుకు. ఆంధ్రా యూనివర్సిటీలో మెటలర్జీ బ్రాంచ్ ఉంది. అయినా ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో మనం మొదట కంప్యూటర్స్ వెతుకుతాం. మెటలర్జీ అంటే, ఇంకేమీ దొరకనివాళ్లు చేరేది అన్నట్టు మొహం పెడతాం. దేశం ఎనభై ఏళ్లుగా తడబడుతున్న ప్రశ్న సరిగ్గా ఆ బ్రాంచ్‌లోనే ఉందని చెప్పేవాళ్లు తక్కువ.

ఈసారి అరకు వెళ్తే బొంగు చికెన్ తినండి, రీల్స్ తీసుకోండి. కానీ ఒక్కసారైనా సీట్లోంచి లేవకుండా కోరాపుట్ దాకా వెళ్లి రండి. దారిలో ఇనుప ఖనిజంతో కిందికి దిగే గూడ్స్ బండి ఎదురవుతుంది. దాన్ని చూస్తూ ఆలోచించండి, ఆ ఖనిజానికీ కొండ మీది ఇంజిన్‌కీ మధ్య ఉన్న చదువు ఎవరు చదవాలని.