ఏబీఎస్ లైటు వెలిగితే పార్టు కొనకండి, కారణం వెతకండి

కారు డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగులో ఏబీఎస్ లైటు వెలిగింది, ఆరడం లేదు. మామూలు బ్రేకులు పడుతూనే ఉంటాయి కాబట్టి చాలామంది నెలల తరబడి పట్టించుకోరు. పట్టించుకుని గ్యారేజీకి వెళ్తే తరచూ వినిపించే మాట: ‘మాడ్యూల్ పోయింది సార్, మార్చేద్దాం’. నన్నడిగితే, ఎంబెడెడ్, ఆటోమొబైల్ ఉద్యోగాల కోసం చూస్తున్న ఇంజినీరింగ్ విద్యార్థికి ఇంట్లో ఆ లైటు వెలగడం మంచి అవకాశం. నాలుగు ఆన్‌లైన్ సర్టిఫికెట్లు నేర్పనిది రెండు ఆదివారాల్లో నేర్పుతుంది. కాకపోతే దేని మీద చెయ్యి వేయొచ్చో, దేని మీద వేయకూడదో ముందే తెలియాలి.

ప్రతి చక్రం దగ్గరా ఒక స్పీడ్ సెన్సర్, దాని ఎదురుగా తిరిగే పళ్ల రింగు లేదా అయస్కాంత రింగు ఉంటాయి. ఆ సిగ్నల్ చదివేది ఈసీయూ. దాన్ని అంటిపెట్టుకుని సొలినాయిడ్ వాల్వులు, పంపు ఉన్న హైడ్రాలిక్ యూనిట్. ఖరీదంతా ఈ చివరి రెండింటిదే. తేడాలు మాత్రం ఎక్కువగా బురదా నీళ్లూ తగిలే చక్రాల దగ్గరే వస్తాయి.

మా అపార్టుమెంటులో ఒకాయన పదేళ్ల నాటి కారుకి యూనిట్ మొత్తం మార్చాలని ముప్పై వేల పైనే అడిగారు. స్కానర్ పెట్టి చూస్తే సీ0035 కోడ్. అంటే ఎడమ ముందు చక్రం స్పీడ్ సెన్సర్ సర్క్యూట్. ఇక్కడే చాలామంది ఆగిపోయి సెన్సర్ ఆర్డర్ పెట్టేస్తారు. కోడ్ చెప్పేది ఏ దారిలో తేడా ఉందో మాత్రమే, ఏ పార్టు పోయిందో కాదు. లైవ్ డేటాలో మూడు చక్రాలు 20 కిలోమీటర్ల వేగం చూపిస్తుంటే ఇదొక్కటే సున్నా. కనెక్టర్ దగ్గర సప్లై వోల్టేజీ లేదు. బ్యాటరీ టెర్మినల్ తీసి వైరు కంటిన్యుటీ చూస్తే మధ్యలో తెగింది. బానెట్ కింద ఎలుక కొరికేసింది! సోల్డర్, స్లీవ్ కలిపి రెండు వందలు కూడా కాలేదు. (చక్రంతో పాటు కదిలే కేబుల్ తెగితే మాత్రం అతుకు వేయకండి, సెన్సరే మార్చాలి.)

మెకానిక్‌ని తప్పుపట్టను. పార్టు మార్చినందుకు డబ్బులిస్తాం కానీ, మూడు గంటలు వైరు వెతికినందుకు ఇవ్వం కదా.

చవక ఓబీడీ డాంగిల్స్ చాలావరకు ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి. ఏబీఎస్ కోడ్‌లు కూడా చదివేదో కాదో చూసి కొనండి. పాత కాయిల్ రకం సెన్సర్లకు రెసిస్టెన్స్ కొలవొచ్చు. కొత్త కార్లలో వచ్చే హాల్ ఎఫెక్ట్ సెన్సర్లను అలా కొలిస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు. ఈమధ్యే వీల్ బేరింగ్ మార్చి ఉంటే ఇంకో అనుమానం: అయస్కాంత రింగు బేరింగ్‌కే ఉంటుంది, తిరగేసి బిగిస్తే సెన్సర్‌కి ఏమీ కనిపించదు.

ఇదంతా ఉద్యోగానికి ఎలా పనికొస్తుంది? హైదరాబాద్‌లో హ్యుందాయ్, మోబిస్, జెడ్ఎఫ్ లాంటి సంస్థల ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. ఇలాంటి చోట ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఆలోచించాల్సిన ప్రశ్న ఒకటి చెప్తాను. బండి 60లో వెళ్తోంది, ఒక చక్రం వేగం ఉన్నట్టుండి సున్నా అయింది. చక్రం లాక్ అయిందా, వైరు తెగిందా? ఈసీయూకి ఎలా తెలుస్తుంది? నిజమైన చక్రం ఎంత గట్టిగా బ్రేక్ వేసినా కన్ను మూసి తెరిచేలోపు 60 నుంచి సున్నాకి దూకలేదు. పైగా వైరు తెగితే కరెంటు ఆగిపోతుంది. ఈ రెండూ చూసి ఈసీయూ ఏబీఎస్‌ని పక్కన పెట్టి, లైటు వెలిగించి, బ్రేకుని మామూలుగా వదిలేస్తుంది. అమీర్‌పేటలో కొన్న ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఈ జవాబు చెప్పదు. తెగిన వైరుని మీటర్‌తో పట్టుకున్నవాడు తడుముకోకుండా చెప్తాడు.

ఇక హద్దుల సంగతి. ఫ్యూజు, కనెక్టర్, సెన్సర్, రింగు వరకే ఇంటి పని, అదీ చక్రాలకు అడ్డు పెట్టి, జాక్ స్టాండ్ మీద. హైడ్రాలిక్ యూనిట్ విప్పే వీడియోలు బోలెడున్నాయి, చూసి వదిలేయండి. దాన్ని విప్పితే లోపల గాలి చేరుతుంది. చాలా కార్లలో ఆ గాలి తీయాలంటే స్కానర్‌తో వాల్వులు, పంపు నడిపించాలి. గాలి మిగిలితే పెడల్ మెత్తబడుతుంది, బ్రేకు సరిగ్గా పట్టదు. ఏబీఎస్ లైటుతో పాటు ఎరుపు బ్రేక్ లైటు కూడా వెలిగితే కారు నడపొద్దు, టో చేయించండి. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు వెనక చక్రాలు ముందే లాక్ అయ్యే ప్రమాదం ఉంటుంది. లైటు కనబడకుండా బల్బు పీకేసి కారు అమ్మేసే తెలివి గురించి ఏం మాట్లాడతాం!

ఇంట్లో కారు లేదా? 125 సీసీ దాటిన కొత్త బైకులన్నింటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. హాస్టల్ పార్కింగ్‌లో అలాంటి బైకులు చాలానే ఉంటాయి. ముందు డిస్క్ పక్కన సన్నని గాడుల రింగు, దాని దగ్గరే చిన్న సెన్సర్ కంటికే కనిపిస్తాయి. కీ తిప్పగానే ఏబీఎస్ లైటు వెలుగుతుంది, బండి కాస్త కదిలాకే ఆరుతుంది. ఎందుకు కదిలేదాకా ఆగుతుందో మీ స్నేహితుడితో వాదించి తేల్చుకోండి.