కోడి మేతలోనే ఉంది బోరు కథ

ఊళ్లో బోరు ఎండితే నింద ముందుగా కోళ్ల షెడ్డు మీద పడుతుంది. "వేల కోళ్లు పొద్దంతా నీళ్లు తాగుతుంటే భూమిలో ఏం మిగుల్తది?" అంటారు. తిరుమలగిరి చుట్టుపక్కల మెట్ట ఊళ్లలో ఈ మాట వినపడుతూనే ఉంటుంది. మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని అసలు దొంగ ఎవరో తేల్చుకోవాలంటే లెక్క కట్టి చూడాలి. ఆ లెక్క కూలీలకూ, చిన్న రైతులకూ తెలిసి ఉండాలి. ఎందుకంటే బోరు ఎండినా, నీరు చెడినా ముందు దెబ్బ తినేది వాళ్లే.

ఒక బ్రాయిలర్ కోడి నలభై రోజుల్లో సుమారు మూడున్నర కిలోల దాణా తింటుంది. తిన్నదానికి రెట్టింపు, అంటే ఏడు లీటర్ల నీళ్లు తాగుతుంది. అయిదు వేల కోళ్ల షెడ్డు ఒక బ్యాచికి తాగే నీరు 35 వేల లీటర్లు. ఇక దాణా సంగతి. 175 క్వింటాళ్ల దాణాలో అరవై పాళ్లు మక్కలే. అంటే 105 క్వింటాళ్లు. నీటి కింద నాలుగెకరాల పంట అన్నమాట. మక్కకు ఎకరాన ఇరవై లక్షల లీటర్ల నీరు కావాలి. నాలుగెకరాలకు ఎనభై లక్షలు! కోడి తాగిన నీటికి అది తిన్న నీరు రెండు వందల రెట్లకు పైమాటే. ఆ మక్క ఎక్కడ పండితే ఆ ఊరి నీరు ఆ మేరకు ఖర్చవుతుంది. యాసంగిలో పండిస్తే దాదాపు అంతా బోరు నుంచి తోడాల్సిందే. ఎకరం వరికైతే ఇంతకు రెండింతలకు పైగా కావాలి.

కనుక ప్రశ్న "కోడి ఎంత తాగింది?" అన్నది కాదు. "కోడికి ఏం పెడుతున్నాం, దాన్ని ఏ నీటితో పండిస్తున్నాం?" అన్నది అసలు ప్రశ్న.

చెలకలో పండేది ఏమైంది?

మనది నల్లరాయి నేల. పైన మెత్తబడిన పొర పదిపదిహేను మీటర్లు, దాని కింద బండ, బండలో అక్కడక్కడా పగుళ్లు. ఏడాదికి పడే ఏడెనిమిది వందల మిల్లీమీటర్ల వానలో భూమి లోపలికి దిగేది ఏ పదో వంతో. దానికి మించి తోడితే మరింత లోతుకు పోవాలి. లోతు బోరులో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే ప్రమాదం ఉంది. దాని దెబ్బ ఏమిటో నల్లగొండ జిల్లాకు ఇంకొకరు చెప్పనక్కరలేదు.

ఈ నేల తత్వం ఎరిగే మన పెద్దలు చెలకలో జొన్న, కంది కలిపి వేశారు. వాన నీటితోనే పండేవి. కంది వేరు నేలకు నత్రజని చేర్చేది. కూలి కూడా జొన్నల్లోనే కొలిచేవారు. ఇంట్లో గటుకయ్యాక మిగిలిన గింజ, కల్లంలో రాలిన గింజ కోళ్లకు దక్కేవి. చెదలు పట్టిన కుండ బోర్లిస్తే పిల్లలకు మాంసకృత్తులు. పెరటి తోటకూర, మునగాకు వాటికి విటమిన్లు. ఆ నాలుగు కోళ్లు కూలి ఇంటి ఆడమనిషి చేతి డబ్బు.

అది ఎందుకు పోయింది? జొన్న చెడ్డదై పోలేదు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. అది పేదల కడుపు నింపింది, కాదనలేం. కాని ఆ చౌక దుకాణంలో జొన్నకు చోటివ్వలేదు. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. బోరున్నవాడు వరి వేశాడు. వరికి ఊరూరా కొనుగోలు కేంద్రం ఉంటుంది. జొన్నకు మద్దతు ధర ప్రకటన ఉంటుంది గాని, కొనే కాంటా ఊరూరా ఉండదు. ఇక రైతు ఏది వేస్తాడు?

జొన్నకు కోడి మేతగా వంక ఉందా? ఎర్ర జొన్నల్లో వగరు పదార్థం ఎక్కువ, అది అరుగుదలను చెడగొడుతుంది. తెల్ల, పచ్చ జొన్నల్లో అది తక్కువ. వాటిని మక్కకు బదులు చాలా భాగం వాడవచ్చు. తెల్ల జొన్న మేపితే గుడ్డు సొన పాలిపోతుంది. ఆకు మేత పెడితే ఆ రంగు తిరిగి వస్తుంది. అజొల్లా, మునగాకు పనికొస్తాయి. సుబాబుల్ ఆకు మాత్రం కొద్దిగానే పెట్టాలి, ఎక్కువైతే విషం. మన ప్రాంతంలో విరివిగా పండిన ఆముదం పిండి పొలానికి మంచి ఎరువు, కోడికి మాత్రం ప్రాణాంతకం. తడిసి బూజు పట్టిన వేరుశనగ పిండి కూడా అంతే.

పెంట ఎవరి నెత్తిన?

ఇంకో సంగతి ఉంది. షెడ్డులో పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందు కంపెనీది. రైతుది షెడ్డు, కరెంటు, నీరు, రెక్కల కష్టం. బ్యాచి అయ్యాక కోళ్లను లారీలో కంపెనీ తీసుకుపోతుంది. పెంట మాత్రం ఊళ్లో ఉంటుంది! తిన్న నత్రజనిలో పెద్ద భాగం ఆ పెంటలోనే ఉంటుంది. బావి పక్కన కుప్ప పోసి వానకు వదిలేస్తే అది నైట్రేటుగా మారి కిందికి దిగుతుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే తాగరాదు. పసిపిల్లలకు మరీ ప్రమాదం. దానికి రంగు లేదు, రుచి లేదు, కాచినా పోదు. పైగా నీరు మరిగి తగ్గేకొద్దీ మరింత చిక్కనవుతుంది.

అదే పెంటను విత్తే ముందు చెలకలో పలచగా చల్లితే జొన్న వేరు ఆ నత్రజనిని పట్టుకుంటుంది. నీళ్లకు విషమైనది పంటకు బలమవుతుంది. గెట్ల మీద గడ్డి, షెడ్డు చుట్టూ చెట్లు ఉంటే కొట్టుకుపోయేది ఆగుతుంది, వాన నీరు నిలిచి ఇంకుతుంది. కోడికి మేత, నీటికి కాపలా — రెండూ మొక్కే.

2021లో దళితబంధుకు ఎంపికైన నాలుగు మండలాల్లో తిరుమలగిరి ఒకటి. కుటుంబానికి పది లక్షలన్నారు. ఎంచుకోదగ్గ పనుల్లో కోళ్ల పెంపకమూ ఉండేది. మంచిదే. కాని మేత కంపెనీ చేతిలో, ధర మార్కెట్ చేతిలో ఉన్నంత కాలం షెడ్డు ఒక్కటే పేదవాణ్ణి నిలబెట్టదు. భూమి లేనివాడికి పెరటి కోళ్లూ దారే. హైదరాబాదులోని కోళ్ల పరిశోధనా సంస్థ తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ జాతులు ఊరి మేతతో బతికేవే.

2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం పేరులోనే ఈ మూడింటినీ ఒక్కచోట కట్టింది. మండల స్థాయి దాకా అధికార సంస్థలు ఉండాలన్నది. చట్టం బీరువాలో ఉంటే బోరులో నీరు ఊరదు. అందుకే మనం అడగాల్సినవి ఇవి: జొన్న, కందులను మద్దతు ధరకు మన యార్డుల్లోనే కొనాలి. తాగునీటి బావులను ఏటా నైట్రేటుకు, ఫ్లోరైడుకు పరీక్షించి ఫలితాన్ని పంచాయతీ గోడ మీద రాయాలి. పెంట సక్రమంగా తరలించే ఖర్చులో కంపెనీ భాగం పెట్టాలి. భూమిలేని కూలీల ఇళ్లకు కోడిపిల్లలు, మేత మొక్కలు ఇవ్వాలి.

బోరు వేసుకున్నవాడికి ఒకటి ఎండితే ఇంకొకటి వేసే స్తోమత ఉండొచ్చు. కూలివాడికి ఉన్నది ఊరి నీరొక్కటే. ఆ నీటి లెక్క అడిగే హక్కు అందరికంటే ముందు అతనిదే.