ఎంఎఫ్ఏ డిస్‌ప్లే ఖర్చు ఎవరిది?



ఎంఎఫ్ఏ పూర్తి చేయాలంటే ఏమేం కావాలి? మా పిట్లం నుంచి నాందేడ్ రోడ్డు పట్టుకొని సంగారెడ్డి మీదుగా హైదరాబాద్ పోయే పిల్లలకు ఈ ప్రశ్నకు సగం జవాబే దొరుకుతుంది. మిగతా సగం అక్కడికి పోయాక తెలుస్తుంది.

మొదటి సగం కాగితం మీద ఉంటుంది. నాలుగేళ్ల బీఎఫ్ఏ, ఆ తర్వాత రెండేళ్ల ఎంఎఫ్ఏ. మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ అయినా, గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్ అయినా చదువు తీరు దాదాపు ఒకటే. స్టూడియో పని చేయాలి, కళా చరిత్ర చదవాలి, చేసిన పని గురించి రాయాలి, చివర్లో డిస్‌ప్లే పెట్టి పరీక్షకుల ముందు నిలబడి జవాబు చెప్పాలి.

రెండో సగం డబ్బు. దాన్ని ఎవరూ 'అర్హత' అని రాయరు.

నేను తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేశాను. నాకు లైబ్రరీ, పెన్ను, కాగితాలు, ఓపిక సరిపోయాయి. పెయింటింగ్ విద్యార్థికి కాన్వాస్, రంగులు, కుంచెలు, ఫ్రేములు కావాలి. ప్రింట్‌మేకింగ్ చేసేవాళ్లకు జింకు పలక, యాసిడ్, మంచి కాగితం, ప్రెస్ కావాలి. ఆ ప్రెస్ ఇంట్లో ఉండదు, హాస్టల్ గదిలో పట్టదు. శిల్పం చేసేవాళ్లు మట్టితో చేసిన బొమ్మకు ప్లాస్టర్ అచ్చు తీసి, ఫైబర్‌లోనో కంచులోనో పోయాలి. ప్రతి మెట్టుకూ ఖర్చే.

ఎంఎస్సీ కెమిస్ట్రీ విద్యార్థిని యాసిడ్ సీసా కొనుక్కొని ల్యాబ్‌కు రమ్మని ఎవరూ అనరు. అది డిపార్ట్‌మెంట్ సమకూర్చాలి, అది కోర్సు ఖర్చు. మరి పరీక్షలో భాగమైన కాన్వాస్ విద్యార్థి జేబు ఖర్చు ఎట్లయింది? ఫీజు రీయింబర్స్‌మెంట్ అన్న పేరులోనే ఉంది, అది ఫీజు కోసం. రంగుల దుకాణం బిల్లు ఫీజు కింద రాదు. ఆ ఫీజు బకాయిలే సర్కారు నుంచి ఎప్పుడొస్తాయో తెలియని రాష్ట్రంలో ఉన్నాం మనం.

దీంతో ఏమవుతుంది? ఇద్దరు విద్యార్థులు పక్కపక్కనే డిస్‌ప్లే పెడతారు. ఒకరి కాన్వాస్ గోడంత, ఇంకొకరిది కిటికీ అంత. చూసేవాళ్లకు మొదటిది 'ధైర్యం'లాగా, రెండోది 'ఇంకా ఎదగాలి' అన్నట్టు కనిపిస్తుంది. ఖర్చు పెట్టలేకపోవడం ఊహ లేకపోవడంలాగా మార్కుల షీటులోకి ఎక్కే ప్రమాదం ఇక్కడే ఉంది. ఆ మార్కులు చిన్నవి కావు. అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే పీజీలో 55 శాతం, ఎస్సీ ఎస్టీలకు 50 శాతం ఉండాలి, పైన నెట్ లేదా సెట్. డిస్‌ప్లే దగ్గర జారిన విద్యార్థి రేపు పాఠం చెప్పే కుర్చీ దగ్గర కూడా జారతారు. అప్పుడు ఆ జ్యూరీలో మనవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?

"నిజమైన కళాకారుడు బొగ్గుముక్కతోనైనా గీస్తాడు" అనేవాళ్లుంటారు. గీస్తాడు. మనవాళ్లు తరతరాలుగా తోలుతో, మట్టితో, వెదురుతో చేస్తూనే ఉన్నారు. కానీ బొగ్గును తానుగా ఎంచుకోవడం వేరు, గత్యంతరం లేక పట్టుకోవడం వేరు. గతిలేక పట్టుకొని, జ్యూరీ ముందు "ఇది నా ఎంపిక" అని కథ అల్లాల్సి రావడం కళ కాదు, అవమానం.

ఇంకో మాట. పటం విప్పి డక్కలి కళాకారులు చెప్పే జాంబపురాణం మా తెలుగు శాఖల్లో 'జానపదం' గడిలో కూర్చుంది. ఆ పటంలో బొమ్మ ఉంది, కథ ఉంది, చూపించే పద్ధతి ఉంది. కిన్నెర వాయించిన డక్కలి బిడ్డ దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. మంచిదే. మరి ఆ కులపు పటాన్ని ఎంఎఫ్ఏ విద్యార్థి తన పనికి మూలంగా తీసుకుంటే, దాన్ని 'ఫోక్' అని పక్కన పెట్టకుండా కళా చరిత్రగా చదివే పరీక్షకులు కావాలి. దాని గురించి తెలుగులో రాసుకునే వీలు కావాలి.

అందుకే అడగాల్సినవి ఇవి.

ఒకటి, డిస్‌ప్లేకు కావాల్సిన కనీస సామగ్రి డిపార్ట్‌మెంట్ ఇవ్వాలి. మన రాష్ట్రంలో 2017 నుంచి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. ఆ నిధిలోంచి ఫైన్ ఆర్ట్స్ పిల్లలకు సామగ్రి గ్రాంటు ఎందుకు ఇవ్వరు?

రెండు, కోర్సు మొత్తానికి సామగ్రి ఖర్చు సుమారు ఎంతవుతుందో ప్రాస్పెక్టస్‌లోనే రాయాలి.

మూడు, డిస్‌ప్లేకు మార్కులు దేనికెన్నో ముందే గోడకు అంటించాలి. జ్యూరీలో ఎస్సీ, ఎస్టీ పరీక్షకులుండాలి.

నాలుగు, బకాయి పేరుతో సర్టిఫికెట్లు ఆపొద్దు. ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే చెప్పింది.

ఇప్పుడు ఫైన్ ఆర్ట్స్ చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని. మీ డిపార్ట్‌మెంట్‌కు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గత ఐదేళ్లలో ఎంఎఫ్ఏలో చేరిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థులెందరు, పూర్తి చేసినవాళ్లెందరు, సామగ్రికి డిపార్ట్‌మెంట్ పెట్టిన ఖర్చెంత? మూడే ప్రశ్నలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. చేరినవాళ్లకూ పూర్తి చేసినవాళ్లకూ మధ్య తేడా ఉంటే, ఆ తేడాకు కారణం మన పిల్లల చేతుల్లో వెతకొద్దు. ముందు స్టోర్ రూములో వెతకండి.

జై భీమ్.