అధ్యాపకుని మొర వినువా రెవరు?

విశాఖపట్టణమున 2023 జులైలో నీట్ పరీక్షకు చదువుచున్న విద్యార్థిని యొకతె మరణించిన వ్యవహారమునందు, సర్వోన్నత న్యాయస్థానము 2025 జులై 25వ తేదీన తీర్పు నిచ్చుచు, దేశమందలి విద్యాసంస్థల కన్నిటికిని కొన్ని సూత్రములను విధించినది. నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థయు అర్హుడైన సలహాదారుని నియమింపవలయును. బోధకులకును ఇతర సిబ్బందికిని ఏటికి రెండు పర్యాయములు మానసిక ప్రథమచికిత్సయందు శిక్షణ మీయవలయును. మర్పల్లినుండి తమ బిడ్డలను వికారాబాదు, తాండూరు, హైదరాబాదు కళాశాలలకు పంపుచున్న తలిదండ్రు లెల్లరును దీనిని హర్షింతురు. అయితే పిల్లల దుఃఖమును కనిపెట్టుమని ఆజ్ఞ పొందిన అధ్యాపకునికే దుఃఖము కలిగినచో, దాని నాలకించువా రెవరు?

అమెరికాలో 1940 ప్రాంతమున కొన్ని కర్మాగారములు మద్యపాన వ్యసనమునకు లోనైన పనివారిని తొలగించుటకు మారుగా చికిత్సకు పంప నారంభించినవి. ఆ పద్ధతియే క్రమముగా అప్పులు, కుటుంబ కలహములు, మనోవ్యాధులు మొదలగువానికి విస్తరించి విశ్వవిద్యాలయములలోను ప్రవేశించెను. దాని కీలక మొక్కటే: ఉద్యోగి చెప్పుకొన్న మాట పై యధికారి చెవిని బడరాదు. ఈ నమ్మకము లేనిచోట ఎవరును నోరు విప్పరు.

మన దేశమున 2022 అక్టోబరు 10వ తేదీన ఆరంభమైన టెలీ మానస్ 14416 సంఖ్యపై రాత్రింబవళ్లు ఉచితముగా సలహా నిచ్చుచున్నది. అది మేలే. కాని ఆ సంఖ్యను గోడపై అంటించినంత మాత్రమున కళాశాల బాధ్యత తీరిపోదు.

మరియొక సంగతి కలదు. 2023 ఏప్రిల్ 30వ తేదీన తెలంగాణ ప్రభుత్వము 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించినది. జూనియర్, డిగ్రీ కళాశాలల అధ్యాపకులు అనేకులు అందు చేరిరి. విశ్వవిద్యాలయముల కాంట్రాక్టు అధ్యాపకుల కా భాగ్యము కలుగలేదు. 2025లో వారు సమ్మెకు దిగవలసి వచ్చెను. వచ్చు సంవత్సరము కొలువుండునో ఊడునో యెరుగనివాడు తన మనోవ్యథను కళాశాలలోనే యెట్లు వెల్లడించును? ఓదార్పు జీతమునకు బదులు కానేరదు.

కావున విశ్వవిద్యాలయములు సిబ్బందికొరకు యాజమాన్యమునకు లోబడని సలహాదారుని నియమింపవలెను. గోప్యతకు లిఖితపూర్వకమగు హామీ నీయవలెను. కాంట్రాక్టు వారిని, బోధనేతరులను సైతము అందు చేర్చవలెను. అంతకుముందు కొలువునకు స్థిరత్వము కలిగింపవలెను. చమురు పోయక దీపమును నిందించుట న్యాయము కాదు.