చచ్చినవాడు ఎలా తిరిగొచ్చాడు?

1999లో చ్యూబాకా చచ్చిపోయాడు. స్టార్‌వార్స్ సినిమాలు చూసినవాళ్లకి అతన్ని పరిచయం చేయక్కర్లేదు. ఒళ్లంతా బొచ్చుతో, ఏడడుగుల పైచిలుకు ఎత్తుతో, హాన్ సోలో పక్కన కూర్చుని అంతరిక్షనౌక నడుపుతుంటాడే... అతనే! ఆర్.ఎ.సాల్వటోర్ రాసిన 'వెక్టర్ ప్రైమ్' నవలలో ఓ గ్రహం మీదికి దాని చందమామే వచ్చి పడుతుంది. స్నేహితుడి కొడుకుని నౌకలోకి చేర్చి, తాను మాత్రం ఆ గ్రహం మీదే ఉండిపోతాడు చ్యూబాకా. అభిమానులు ఏడ్చారు. రచయితని తిట్టుకున్నారు. చివరికి ఎలాగో మనసుకి సర్దిచెప్పుకున్నారు.

2015 డిసెంబరులో 'ది ఫోర్స్ అవేకెన్స్' సినిమా వచ్చింది. చూస్తే ఏముంది... తెరమీద చ్యూబాకా నిక్షేపంలా ఉన్నాడు! చచ్చి బతికాడా అంటే అదీ కాదు. అసలు చావనే లేదట. ఆ నవల లెక్కలోకి రాదట!

ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు? ఏళ్ల తరబడి సాగే సైన్స్ ఫిక్షన్ కథలన్నిటినీ వెంటాడే ప్రశ్న ఇది. లెక్కలోకి వచ్చేదాన్ని 'కానన్' అంటారు. అది చర్చి మాట. ఏ గ్రంథాలు పవిత్రమైనవో, ఏవి కావో తేల్చిచెప్పే జాబితా అన్నమాట. దాన్ని కథల్లోకి లాక్కొచ్చింది షెర్లాక్ హోమ్స్ అభిమానులు. మతగ్రంథాలను పండితులు పరిశోధించే ఫక్కీలోనే హోమ్స్ కథల్ని పరిశోధిస్తూ 1911లో రోనాల్డ్ నాక్స్ సరదాగా ఓ వ్యాసం చదివాడు. ఆ సరదా కాస్తా స్థిరపడిపోయింది. కానన్ డాయిల్ రాసిన 56 కథలు, 4 నవలలే అసలైనవి, మిగతావన్నీ అనుకరణలే అని తేల్చేశారు. అక్కడ రచయిత ఒక్కడే కాబట్టి గొడవ లేదు. మరి వందమంది కలిసి రాసే కథ మాటేమిటి?

స్టార్‌వార్స్ సంగతే చూడండి. మొదటి సినిమా 1977లో, మూడోది 1983లో వచ్చాయి. తర్వాత చాలాకాలం కొత్త సినిమా లేదు. 1991లో తిమోతీ జాన్ 'ఎయిర్ టు ది ఎంపైర్' నవలతో కథని ముందుకు నడిపాడు. నీలిరంగు చర్మంతో మహా తెలివైన సేనాని థ్రాన్, హీరో ల్యూక్‌ని చంపాలని తిరిగే మారా జేడ్ అందులోనే పుట్టారు. తర్వాత్తర్వాత పుస్తకాల్లో ఆ మారా జేడే ల్యూక్‌ని పెళ్లాడింది, ఓ కొడుకుని కన్నది. హాన్ సోలో, లేయాలకు ముగ్గురు పిల్లలు. పదులకొద్దీ రచయితలు వందలకొద్దీ నవలలు, కామిక్స్ రాసుకుంటూ పోయారు.

అంతమంది రాస్తే పొరపాట్లు దొర్లవా? దొర్లాయి. అందుకే 2000లో లూకాస్‌ఫిల్మ్ ఉద్యోగి లీలాండ్ చీ 'హోలోక్రాన్' పేరుతో ఓ డేటాబేస్ మొదలుపెట్టాడు. అందులో కథలకు అంతస్తులుండేవి. అన్నిటికన్నా పైన జార్జ్ లూకాస్ సినిమాలు, వాటికన్నా కింద నవలలు, కామిక్స్. రెండింటికీ తేడా వస్తే పైదే చెల్లుతుంది. ఆ పై అంతస్తయినా కుదురుగా ఉందా అంటే... లేదు! 1977 సినిమాలో గ్రీడోని హాన్ సోలో ముందే కాల్చేస్తాడు. 1997లో దాన్ని మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేసినప్పుడు గ్రీడో ముందు కాల్చినట్టు మార్చారు. ఆ ఒక్క తూటా మీద జరిగిన వాదన అంతా ఇంతా కాదు.

2012లో లూకాస్‌ఫిల్మ్‌ని డిస్నీ 400 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొనేసింది. 2014 ఏప్రిల్ 25న ప్రకటన వెలువడింది. సినిమాలు, 'క్లోన్ వార్స్' యానిమేషన్, ఇకముందు వచ్చే కథలు... ఇవే అసలైనవి. పాత నవలలూ కామిక్సూ 'లెజెండ్స్' పేరుతో దొరుకుతాయి గానీ, కొత్త కథలకు వాటితో సంబంధం ఉండదు. మారా జేడ్ లేదు. ముగ్గురు పిల్లలూ లేరు. చ్యూబాకా చావూ లేదు.

కంపెనీ వాదనలోనూ న్యాయముంది. కొత్త సినిమా తీసేవాళ్ల కాళ్లకి పాతికేళ్ల నవలల్ని కట్టేస్తే ఎలా నడుస్తారు? టికెట్ కొన్న ప్రతివాడూ ముందు వందల పుస్తకాలు చదివి రావాలా?

మరి అభిమానుల బాధ ఏమిటి? 'అంతా కల్పితమే కదా, అందులో నిజమేంటి, అబద్ధమేంటి' అని నవ్వేసేవాళ్లున్నారు. కానీ ఏళ్ల తరబడి సాగే కథకి బలమంతా ఒక్కచోటే ఉంది. జరిగింది జరిగినట్టు ఉండిపోవడంలో! పోయినవాడు మళ్లీ రాడు కాబట్టే ఆ చావుకి ఏడుస్తాం. ఒక్క ప్రకటనతో చావు రద్దయిపోతే, రేపు ఇంకో పాత్ర చచ్చిపోయినప్పుడు ఏడవాలా వద్దా? వాళ్లు పోగొట్టుకున్నది ఆ నమ్మకాన్ని.

జాబితా అంటూ లేకపోతే గొడవ ఉండదా? 'డాక్టర్ హూ' సీరియల్ 1963లో మొదలైంది. ఏది అసలు, ఏది కాదు అని బీబీసీ జాబితా ఇచ్చిందే లేదు. 2020 మార్చి 1న 'ది టైమ్‌లెస్ చిల్డ్రన్' ఎపిసోడ్ వచ్చింది. మనం మొదటి డాక్టర్ అనుకున్నవాడు మొదటివాడే కాదు, అంతకుముందే మరచిపోయిన జన్మలెన్నో ఉన్నాయని చెప్పింది. 'అరవై ఏళ్ల కథని చెడగొట్టారు' అని కొందరు మండిపడ్డారు. '1976లోనే 'ది బ్రెయిన్ ఆఫ్ మోర్బియస్' కథలో ఆ పాత ముఖాలు చూపించారుగా' అని మరికొందరు ఎదురుచెప్పారు. తీర్పు చెప్పేవాళ్లు లేరు కాబట్టి వాదన ఆగదు. సీరియల్ మాత్రం తన దారిన తాను ముందుకెళ్లింది.

అంటే తేలిందేమిటి? కానన్ అనేది రాబోయే రచయితలకు హద్దులు గీసే పనిముట్టు. దాని అధికారం అక్కడికే. పాఠకుడి జ్ఞాపకం మీద దానికి పెత్తనం లేదు. థ్రాన్‌నే చూడండి. 2014లో లెక్కలోంచి పోయినవాడు 2016లో 'రెబెల్స్' యానిమేషన్‌లో తిరిగొచ్చాడు. 2017లో అతనికోసం తిమోతీ జానే మళ్లీ నవల రాశాడు. 2023లో 'అసోకా' సిరీస్‌లో మనిషి రూపంలోనే కనిపించాడు. పాఠకులు మరచిపోని పాత్రని కంపెనీ కూడా వదులుకోలేకపోయింది.

ఇక చ్యూబాకా... సినిమాల్లో హాయిగా బతికే ఉన్నాడు. 1999 నాటి ఆ నవల అలమరలో ఉన్నవాళ్లు మాత్రం ఎప్పుడు తెరిచినా, చందమామ వచ్చి పడుతూనే ఉంటుంది. కళ్లు చెమరుస్తూనే ఉంటాయి!